కాళ్లలో బలం తగ్గితే ఛాతీకి స్కాన్ ఎందుకు?

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర పల్లెటూరు. నాన్నకి 58 ఏళ్లు. కొబ్బరితోట పని చూసుకుంటారు. పాతికేళ్ల వయసు నుంచీ చుట్ట అలవాటు. నాలుగు నెలల కిందట నేల మీద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోనిదే లేవలేకపోవడం మొదలైంది. ఇప్పుడు గడప మెట్టు ఎక్కడం కూడా కష్టంగా ఉంది. నోరు ఎండిపోతోందంటారు, విరేచనం సరిగా అవడం లేదు. మూడు నెలల్లో 64 కిలోల నుంచి 60కి తగ్గారు. ఇక్కడి డాక్టరు నరాల బలహీనత అని బి12 ఇంజెక్షన్లు చేశారు. ఎమ్మారైలో నడుం దగ్గర డిస్కు కాస్త ఉబ్బిందన్నారు. చివరికి విశాఖలో నరాల డాక్టరు కరెంటు పరీక్ష చేసి, లాంబర్ట్-ఈటన్ అని రాసి, ఛాతీకి సీటీ వెంటనే తీయించమన్నారు. నాన్నకి దగ్గు లేదు, రెండు నెలల కిందటి ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది. కాళ్లకి జబ్బయితే ఛాతీకి స్కాన్ ఏటి, ఇదంతా డబ్బులు గుంజడానికే అంటున్నారు బాబాయి. క్రియాటినిన్ 1.6 ఉంది కాబట్టి స్కాన్ మందుతో కిడ్నీలు పోతాయని నాన్న భయం. ఆ స్కాన్ నిజంగా కావాలా? ఈలోగా ఇంట్లో ఏం చూసుకోవాలి?

సమాధానం: కావాలి. కుదిరితే ఈ వారంలోనే తీయించండి. ఆ న్యూరాలజిస్టు సరైన దారిలోనే ఉన్నారు. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మేమూ ముందు అడిగేది ఛాతీ సీటీనే.

కాళ్లకీ ఊపిరితిత్తులకీ సంబంధం ఏమిటో బాబాయి గారికి ఇలా చెప్పండి. కండరం కదలాలంటే నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి. అది విడుదల కావాలంటే నరం కొసలో ఉన్న సన్నని ద్వారాల గుండా కాల్షియం లోపలికి రావాలి. పొగ తాగేవాళ్లలో వచ్చే ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉంది, స్మాల్ సెల్ క్యాన్సర్ అంటారు. ఆ క్యాన్సర్ కణాల ఒంటి మీద కూడా అచ్చం ఇవే కాల్షియం ద్వారాలు ఉంటాయి. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ ఆ కణాలను శత్రువుగా గుర్తుపట్టి వాటి మీదికి యాంటీబాడీలను పంపుతుంది. అవి క్యాన్సర్ కణం దగ్గరే ఆగవు. నరం కొసలో అదే ద్వారం కనిపిస్తే అక్కడా దాడి చేస్తాయి. ద్వారాలు తగ్గితే రసాయనం తగ్గుతుంది, కండరానికి కబురు సరిగా అందదు. అంటే క్యాన్సర్ ఉన్నా అది కాళ్లకి పాకినట్టు కాదు, కండరాన్ని తింటున్నట్టూ కాదు. ఎక్కడో ఛాతీలో చిన్న గడ్డ ఉండి, దాని మీద జరిగే యుద్ధంలో నరాలు దెబ్బతింటాయి. ఇలా క్యాన్సర్ పరోక్షంగా తెచ్చిపెట్టే నరాల, కండరాల జబ్బులన్నింటినీ పారానియోప్లాస్టిక్ సిండ్రోములు అంటారు. లాంబర్ట్-ఈటన్ వాటిలో ఒకటి. 1956లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు లాంబర్ట్, ఈటన్, రూక్ దీన్ని విడిగా గుర్తించి వివరించారు.

ఇందులో అసలు కీలకం ఒకటుంది. ఇలాంటి జబ్బుల్లో ఎక్కువగా నరాల లక్షణం ముందు వస్తుంది, క్యాన్సర్ తర్వాత బయటపడుతుంది. దగ్గు, ఆయాసం, రక్తం పడటం లాంటివి మొదలవడానికి నెలల ముందే కాళ్లు బలం తప్పుతాయి. కాబట్టి దగ్గు లేదు కదా అన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికిరాదు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకునే అవకాశం ఇప్పుడు ఉంది. ఆ అవకాశం ఎక్కువ రోజులు ఉండదు, ఎందుకంటే స్మాల్ సెల్ క్యాన్సర్ వేగంగా పెరిగే రకం.

లాంబర్ట్-ఈటన్ వచ్చిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ ఉండదు. సుమారు సగం మందికి, కాస్త ఎక్కువ మందికే, ఉంటుంది. మిగతావాళ్లలో ఇది ఉత్త ఆటోఇమ్యూన్ జబ్బు, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసేది, కొన్ని థైరాయిడ్ జబ్బుల కోవలోది. మరి నాన్నగారు ఏ సగంలో ఉన్నారో అంచనా కట్టడానికి డాక్టర్లు డెల్టా-పి అనే స్కోరు వాడతారు. ఆరు అంశాలు, ఒక్కోదానికి ఒక మార్కు. జబ్బు మొదలయ్యేనాటికి వయసు 50 దాటి ఉండటం, పొగ తాగుతూ ఉండటం, మొదటి మూడు నెలల్లో బరువు 5 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గడం, అదే మూడు నెలల్లో మాట ముద్దగా రావడం గానీ నమలడం, మింగడం కష్టమవడం గానీ, మగవాళ్లలో అంగస్తంభన సమస్య, సొంత పనులకు కూడా ఇంకొకరి సాయం అవసరమయ్యేంత నీరసం. నాన్నగారికి వయసు ఒకటి, చుట్ట ఒకటి. 64లో 4 కిలోలు అంటే 6 శాతం పైన, అదొకటి. మీరు రాసినదాన్ని బట్టే మూడు మార్కులు వచ్చేశాయి. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే స్మాల్ సెల్ క్యాన్సర్ ఉండే అవకాశం 80 శాతం పైమాటే. సున్నా, ఒకటి వచ్చినవాళ్లలో అది 3 శాతం లోపే. అంగస్తంభన సంగతి కొడుకు అడిగితే తండ్రి చెప్పరు, కూతురు అడగలేదు. డాక్టరు గదిలో మీరు రెండు నిమిషాలు బయటికి వెళ్తే చాలు, ఆయనే అడుగుతారు. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. నోరెండటం, మలబద్ధకం లాగే ఇదీ అవే నరాల కొసల నుంచి వచ్చేది.

ఇక కరెంటు పరీక్ష. మీ దగ్గరున్న రిపోర్టు తీసి రెండు అంకెలు వెతకండి. చిటికెన వేలి వైపు అరచేతి అంచున స్టిక్కర్ అంటించి, మణికట్టు దగ్గర షాక్ ఇస్తారు. కండరం ఎంత గట్టిగా స్పందించిందో మిల్లీవోల్టుల్లో వస్తుంది, దాన్ని సీఎంఏపీ అంటారు. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు 6 పైనే ఉంటుంది. ఈ జబ్బులో ఊరికే కూర్చున్నప్పుడు 1 లేదా 2 వస్తుంది. తర్వాత వేలిని పక్కకి గట్టిగా 10 సెకన్లు నొక్కమని, ఆపిన వెంటనే మళ్లీ షాక్ ఇస్తారు. ఇప్పుడు అంకె రెట్టింపు, మూడు రెట్లు అవుతుంది. ఉదాహరణకి 1.6 ఉన్నది 4.8 అయితే 200 శాతం పెరిగినట్టు, రిపోర్టులో ఇంక్రిమెంట్ అని ఉంటుంది. 100 శాతం దాటితే జబ్బు దాదాపు ఖాయం, 60 శాతం దాటినా గట్టిగా అనుమానించాలి. బోరింగు నాలుగుసార్లు కొడితే గానీ నీళ్లు పైకి రానట్టు, ఒకదాని వెంట ఒకటి కబుర్లు పంపితే నరం కొసలో కాల్షియం పోగుపడి, కాసేపు రసాయనం బాగా విడుదలవుతుంది. నాన్నగారు మెట్టు ఎక్కేటప్పుడు మొదటి రెండు అడుగులు మరీ కష్టంగా, తర్వాత కొంచెం తేలికగా అనిపిస్తుందా అని అడిగి చూడండి. అదీ ఇదే.

ఈ పరీక్షలో తప్పులు జరిగేవి మూడు చోట్ల. చెయ్యి చల్లగా ఉంటే ఫలితం మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. ఏసీ గదిలో అరగంట కూర్చోబెట్టి చేస్తే అంతే, చెయ్యి వెచ్చబెట్టాలి. 10 సెకన్ల బదులు అరనిమిషం, నిమిషం నొక్కిస్తే కండరం అలిసిపోయి ఆ పెరుగుదల తగ్గిపోతుంది. కండరాల బలానికి ఇచ్చే పిరిడోస్టిగ్మిన్ బిళ్ల వేసుకుంటూ ఉంటే పరీక్షకి ముందు 12 గంటలు ఆపాలి, అదీ డాక్టరు ఒప్పుకుంటేనే. మళ్లీ చేయించాల్సి వస్తే ఈ మూడూ గుర్తు చేయండి.

డిస్కు సంగతి. యాభై దాటిన వాళ్లలో చాలామందికి ఎమ్మారై తీస్తే నడుం దగ్గర ఎంతో కొంత ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఫిల్మును పట్టుకుని నెలలు గడిపిన కుటుంబాలు చాలా ఉన్నాయి. డిస్కు నరాన్ని నొక్కితే సాధారణంగా ఒక కాలికి నొప్పి, తిమ్మిరి దిగుతుంది. రెండు కాళ్లలోనూ తొడల దగ్గర సమానంగా బలం తగ్గడం, దాంతోపాటు నోరెండిపోవడం, డాక్టరు రెండు మోకాళ్ల మీదా సుత్తితో కొడితే కాళ్లు ఎగరకపోవడం, ఇవన్నీ కలిసి దాని వల్ల రావు. బి12 ఇంజెక్షన్ల వల్ల నష్టమేమీ లేదు, లాభమూ లేదు. మనవైపు ఎవరికి ఏం వచ్చినా నరాల బలహీనత అని ఆ ఎర్ర ఇంజెక్షను పొడవడం ఒక అలవాటయిపోయింది. అంతకన్నా ఎక్కువ చెప్పడానికి దానిలో ఏమీ లేదు.

ఎక్స్‌రే బాగుంటే సరిపోదా అన్నారు. సరిపోదు. స్మాల్ సెల్ గడ్డ ఎక్కువగా రెండు ఊపిరితిత్తుల నడుమ, శ్వాసనాళాలు చీలే చోట, గుండె నీడకు వెనకాల పెరుగుతుంది. పక్కన ఉన్న లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. ఎక్స్‌రేలో అక్కడ గుండె, పెద్ద రక్తనాళాలు, వెన్నెముక అన్నీ ఒకదాని మీద ఒకటి పడి తెల్లగా కనిపిస్తాయి. రెండు సెంటీమీటర్ల గ్రంథి దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

కిడ్నీ భయం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఆ భయం ఉత్తది కాదు, అందుకే లెక్క వేసి చెబుతాం. 58 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే కిడ్నీల వడపోత, అదే ఈజీఎఫ్ఆర్, 50 దగ్గర ఉంటుంది. సీటీకి నరంలో ఇచ్చే కాంట్రాస్ట్ మందు విషయంలో గట్టిగా ఆలోచించేది 30 కన్నా తక్కువ ఉన్నప్పుడు. 50కి ఇవ్వవచ్చు. అయితే క్రియాటినిన్ ఈ వారంలో చేయించింది అయి ఉండాలి, పాత రిపోర్టు పనికిరాదు. స్కాన్‌కి ముందు రోజూ ఆ రోజూ నీళ్లు సరిపడా తాగించండి, గుండె లేదా ఒంట్లో నీరు చేరడం గురించి డాక్టరు వేరే చెప్పకపోతే. ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో తెచ్చుకునే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ బిళ్లలు ఆపేయండి. స్కాన్‌కనే కాదు, ఆయనకి అవి ఎప్పుడూ వద్దు. పారాసిటమాల్ సరిపోతుంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందుగా చెప్పాలి. రెండు రోజుల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చేయిస్తే అనుమానం తీరిపోతుంది. కాంట్రాస్ట్ లేకుండా తీసినా ఊపిరితిత్తిలో గడ్డ కనిపిస్తుంది గానీ, మధ్యలో ఉన్న గ్రంథికీ రక్తనాళానికీ తేడా తెలియదు. మనకి చూడాల్సింది అక్కడే.

సీటీ శ్రీకాకుళంలోనే అవుతుంది. దానిలో ఏమీ కనిపించకపోతే మాత్రం కథ అయిపోలేదు. తర్వాతిది పెట్ సీటీ, అంటే చురుగ్గా పెరిగే గడ్డలను ఒళ్లంతా వెతికే స్కాన్, దానికి విశాఖ వెళ్లాలి. అదీ శుభ్రంగా ఉంటే మూడు నుంచి ఆరు నెలలకొకసారి, కనీసం రెండేళ్ల పాటు మళ్లీ మళ్లీ తీయాలి. కుటుంబాలు తడబడేది ఇక్కడే. మొదటి స్కాన్ బాగుందని సంబరపడి ఫైలు బీరువాలో పెట్టేస్తారు. నాన్నగారి స్కోరుతో ఆ పని చేయకూడదు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ మొదటి ఏడాది లోపే బయటపడుతుంది.

గ్రంథులు ఉబ్బాయని రిపోర్టు వస్తే మనవైపు ఇంకో ప్రమాదం ఉంది. టీబీ అయి ఉంటుందని ముక్క తీయకుండానే మందులు మొదలుపెట్టేస్తారు. ఒప్పుకోకండి. ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపే బ్రాంకోస్కోపీతో, ఆ గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉండే ఈబస్ పద్ధతిలో, గ్రంథి నుంచి ముక్క తీసి పరీక్షించాకే ఏ మందైనా. ఇందులో రెండో చిక్కు కూడా ఉంది. టీబీలో కొన్నిసార్లు వాడే స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ సూదిమందులు, లీవోఫ్లాక్సాసిన్ లాంటి బిళ్లలు లాంబర్ట్-ఈటన్ ఉన్నవాళ్ల బలాన్ని ఇంకా కిందికి లాగుతాయి. అలాగే ముక్క తీసేదాకా స్టెరాయిడ్ బిళ్లలు సొంతంగా మొదలుపెట్టవద్దు. గ్రంథిలో ఉన్నది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అయితే స్టెరాయిడ్ దాన్ని కరిగించి ముక్క పరీక్షని పనికిరాకుండా చేస్తుంది.

రక్తపరీక్ష గురించి ఒక మాట, డబ్బులు వృథా కాకుండా. ఈ జబ్బుకి చేయాల్సింది పీ/క్యూ రకం వోల్టేజ్ గేటెడ్ కాల్షియం ఛానల్ యాంటీబాడీ. ల్యాబులో పారానియోప్లాస్టిక్ ప్యానెల్ అంటే హ్యూ, యో, రీ, సీవీ2 లాంటి వేరే యాంటీబాడీల పరీక్షలు ఒకే పట్టీ మీద చేసి ఇస్తారు. మనకి కావలసిన కాల్షియం ఛానల్ పరీక్ష మామూలుగా ఆ పట్టీలో ఉండదు. వేలకు వేలు పోసి ప్యానెల్ చేయించి, అన్నీ నెగటివ్ అని జబ్బే లేదనుకునే ప్రమాదం ఉంది. చీటీ మీద ఆ యాంటీబాడీ పేరు స్పష్టంగా రాయించుకోండి. ప్యానెల్‌లో ఉండే వాటిలో సాక్స్1 ఒక్కటి మాత్రం ఇక్కడ ఉపయోగం. లాంబర్ట్-ఈటన్ ఉన్నవాళ్లలో అది పాజిటివ్ వస్తే ఛాతీలో క్యాన్సర్ ఉందన్న అనుమానం బాగా బలపడుతుంది. ఫలితం రావడానికి రోజులు పడుతుంది, దాని కోసం సీటీ ఆపవద్దు. పదిమందిలో ఒకరికి జబ్బు ఉన్నా ఆ యాంటీబాడీ కనిపించదు కూడా.

ఇంట్లో జాగ్రత్తల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది నోట్లోకి, ఒంట్లోకి వెళ్లే మందులు. మలబద్ధకం ఉందన్నారు. దానికి చాలామంది తాగేది మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, లేదా అది కలిసిన క్రీమాఫిన్ లాంటి సిరప్. గ్యాసుకి డైజీన్, జెలుసిల్. వీటన్నింటిలో మెగ్నీషియం ఉంది. మెగ్నీషియం నరం కొసలో కాల్షియానికి అడ్డుపడుతుంది, ఇప్పటికే ఆ ద్వారాలు తక్కువ ఉన్న మనిషికి అది దెబ్బ మీద దెబ్బ. కిడ్నీలు బాగుంటే కొంత బయటికి పోతుంది. నాన్నగారి కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి కాబట్టి ఒంట్లో పేరుకుంటుంది. ఇంట్లో ఆ సీసా ఉంటే ఈరోజే తీసేయండి. బదులుగా రాత్రి పూట లాక్టులోజ్ 15 మి.లీ. మొదలుపెట్టవచ్చు, డాక్టరును అడిగి పెంచుకోవచ్చు. ఇసబ్‌గోల్ అయితే నీళ్లు ఎక్కువ తాగాలి, మింగడం కష్టంగా ఉంటే అది గొంతులో ఇరుక్కుంటుంది, వద్దు.

జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ వెంటనే జెంటామైసిన్ గానీ అమికాసిన్ గానీ పొడుస్తారు. అవి ప్రమాదం. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ కూడా వీలైనంత వరకు వద్దు. మలేరియాకి క్వినైన్, క్లోరోక్విన్ విషయంలోనూ జాగ్రత్త. బీపీకి వెరాపమిల్, డిల్టియాజెమ్, అటెనలాల్, మెటోప్రోలాల్ వాడుతుంటే డాక్టరుకి చూపించండి, సొంతంగా ఆపేయకండి. ఆపరేషను ఏదైనా వస్తే మత్తు డాక్టరుకి లాంబర్ట్-ఈటన్ అనే మాట ముందే చెప్పాలి. కండరాలు వదులు చేసే మత్తుమందులు మామూలు మోతాదులో ఇచ్చినా ఆపరేషను తర్వాత సొంతంగా ఊపిరి తీసుకోవడం ఆలస్యమవుతుంది. ఈ పేర్లన్నీ ఒక చీటీ మీద రాసి, ఆధార్ కార్డు, రేషన్ కార్డు పెట్టుకునే కవర్లోనే పెట్టండి. మీరు ఊళ్లో లేని రోజున ఎవరు తీసుకెళ్లినా అది డాక్టరు చేతికి అందుతుంది.

వేడి ఈ జబ్బుకి పడదు. వేడినీళ్ల స్నానం తర్వాత కాళ్లు మరీ వదులైపోయి స్నానాలగదిలోనే పడిపోయేవాళ్లున్నారు. గోరువెచ్చని నీళ్లు, పీట బదులు ప్లాస్టిక్ కుర్చీ మీద స్నానం. వేసవిలో మధ్యాహ్నం తోటకి వెళ్లనివ్వకండి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ తప్పదు. మంచం, కుర్చీ ఎత్తు మోకాలి కన్నా నాలుగైదు అంగుళాలు పైకి ఉండేలా కాళ్ల కింద చెక్కలు వేయించండి. లేచే ముందు రెండు కాళ్లనూ 10 సెకన్ల పాటు నేలకి గట్టిగా నొక్కిపెట్టి, వెంటనే లేవమనండి. పైన చెప్పిన కరెంటు పరీక్షలోని కిటుకే ఇది, కాసేపు బలం ఇస్తుంది.

లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి ఇంకా రెండుసార్లు చూడండి. పై అంకె 20 పడిపోతే అది కూడా నరాల వల్లే. బీపీ బిళ్లల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. నోరెండటానికి గుక్కెడు గుక్కెడు నీళ్లు, చప్పరించడానికి చక్కెర లేనివి. ముద్ద పొడిగా కాకుండా చారు, మజ్జిగ కలిపి, నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి.

రోజూ సాయంత్రం ఒక పని చేయండి. నిండా ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకోకుండా ఒకటి, రెండు, మూడు అంటూ పైకి లెక్కపెట్టమనండి. వచ్చిన అంకె క్యాలెండర్ మీద రాయండి. ముప్ఫై, నలభై పైకి వస్తుంటే ఫర్వాలేదు. రోజురోజుకీ తగ్గుతుంటే డాక్టరుకి ఫోన్ చేయండి. 15, 20 దాటలేకపోతున్నా, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నా, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నా, తల నిలబడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడవద్దు. 108కి ఫోన్ చేసి, వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లండి.

వైద్యం రెండు వైపుల నుంచి సాగుతుంది. నరాల వైపు అసలు మందు అమిఫాంప్రిడిన్, 3,4 డయామినోపిరిడిన్ అని కూడా అంటారు. నరం కొసలో కాల్షియం ద్వారాలు ఇంకాసేపు తెరుచుకుని ఉండేలా చేస్తుంది. మామూలు మందుల షాపుల్లో దొరకదు, న్యూరాలజిస్టు ద్వారానే తెప్పించుకోవాలి. మామూలుగా రోజుకి మూడు, నాలుగుసార్లు వేస్తారు, ఒక్కసారికి 20 మి.గ్రా. మించకూడదు. నాన్నగారి కిడ్నీలకి 5 మి.గ్రా. చొప్పున మూడుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు అనిపిస్తుంది, దానికి భయపడక్కర్లేదు. మూర్ఛ ఉన్నవాళ్లకి ఈ మందు ఇవ్వకూడదు. ముందు ఈసీజీ తీయాలి. పిరిడోస్టిగ్మిన్ తేలికగా దొరుకుతుంది గానీ ఈ జబ్బులో ఒక్కటే వాడితే లాభం కొంచెమే. మింగడం, ఊపిరి దెబ్బతింటుంటే ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలో ఇస్తారు. కిలోకి 2 గ్రాముల లెక్కన 60 కిలోలకి 120 గ్రాములు, ఐదు రోజుల్లో రోజుకి 24 గ్రాములు. ఖరీదు చాలా ఎక్కువ, లాభం కొన్ని వారాలే ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి చక్కెర కలిపిన రకం ఐవీఐజీ ఇవ్వకూడదని గుర్తు చేయండి.

రెండోది క్యాన్సర్ వైపు. ఉన్నట్టు తేలితే కాళ్లకి అసలు వైద్యం అదే. గడ్డ కరిగితే యాంటీబాడీలు పుట్టించే కారణం తగ్గి, చాలామందికి బలం వస్తుంది. ఛాతీలోనే ఉన్న దశలో కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. కీమో అంటే ఎటోపోసైడ్‌తో పాటు సిస్‌ప్లాటిన్ గానీ కార్బోప్లాటిన్ గానీ, మూడు వారాలకొకసారి, సాధారణంగా నాలుగు విడతలు. సిస్‌ప్లాటిన్ కిడ్నీలనూ నరాలనూ రెండింటినీ దెబ్బతీసేది కాబట్టి నాన్నగారి విషయంలో కార్బోప్లాటిన్ వైపు మొగ్గుతారు. ఇమ్యూనోథెరపీ మాట వస్తే లాంబర్ట్-ఈటన్ ఉందని క్యాన్సర్ డాక్టరుకి మళ్లీ గట్టిగా చెప్పండి. ఆ మందులు రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడతాయి, నరాల జబ్బు ముదరవచ్చు. ఇక్కడ కాస్త ఊరట కలిగించే నిజం ఒకటుంది. స్మాల్ సెల్ క్యాన్సర్‌తో పాటు లాంబర్ట్-ఈటన్ కూడా ఉన్నవాళ్లు, అది లేనివాళ్లకన్నా ఎక్కువ కాలం బతుకుతారు. త్వరగా బయటపడటం ఒక కారణం, శరీరం గడ్డతో పోరాడుతూ ఉండటం ఇంకొకటి.

విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలోని టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏయే పరీక్షలు, ఏ వైద్యం వస్తాయో ఆసుపత్రిలోని ఆ డెస్కు దగ్గర చేరకముందే అడగండి. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉండాలి. కిడ్నీ డాక్టరు పలాసలో చూస్తుంటే ఆ ఫైలు కూడా పట్టుకెళ్లండి, ప్రతి మందు మోతాదుకీ అది కావాలి.

ఈ సమాధానం చదివి ప్రతి తిమ్మిరికీ క్యాన్సర్ వెతకడం మొదలుపెట్టవద్దు. ఇవి అరుదైన జబ్బులు. ఏళ్ల తరబడి షుగరు వల్ల అరికాళ్లు మంటలు పెడుతుంటే అది ఇది కాదు. గుర్తుపట్టాల్సింది వేగాన్ని. వారాల్లో, నెలల్లో ముదిరిపోతుంది. యాభై దాటిన స్త్రీ ఉన్నట్టుండి కొన్ని వారాల్లోనే తూలిపోతూ, మాట తడబడుతుంటే అండాశయం, రొమ్ము చూడాలి. కనురెప్పలు ఊదా రంగులోకి మారి, వేళ్ల కణుపుల మీద ఎర్రటి మచ్చలు లేచి, చేతులు తల మీదికి ఎత్తలేకపోతే అది డెర్మటోమయోసైటిస్ అనే చర్మం, కండరాల జబ్బు. కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీపీకే రక్తపరీక్ష చేసి, పెద్దవయసు వారైతే క్యాన్సర్ కోసం వెతకాలి. కనురెప్పలు సాయంత్రానికి వాలిపోయే మయస్తీనియాలో ఛాతీ స్కాన్ తీసేది థైమస్ గ్రంథిలో గడ్డ కోసం.

చుట్ట. అది ఈరోజే ఆగాలి. కీమో, రేడియేషన్ నడుస్తుండగా పొగ తాగితే వైద్యం సరిగా పనిచేయదు. ఇంట్లో నాయనమ్మో, అమ్మో అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) తాగుతుంటే ఆ నోరు కూడా ఒకసారి చూపించండి. అంగిట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే అది వేరే రకం క్యాన్సర్ దారి, శ్రీకాకుళం తీరం పొడవునా డాక్టర్లకి బాగా తెలిసినదే.

స్కాన్ రోజున నాలుగు గంటల ముందు నుంచి తిండి వద్దు, నీళ్లు తాగవచ్చు. రోజూ వేసుకునే బిళ్లలు కొద్ది నీళ్లతో వేసుకోవచ్చు. వారం లోపు చేసిన క్రియాటినిన్, పాత ఎక్స్‌రే, కరెంటు పరీక్ష రిపోర్టు, మందుల చీటీ తీసుకెళ్లండి. స్కాన్ బల్ల మీద నుంచి లేవడానికి నాన్నగారికి ఇద్దరు కావాలి, బాబాయి గారిని కూడా తీసుకెళ్లండి. ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి. విశాఖలో డాక్టరు చూసేది దాన్నే.